ఒవెను తలుపున వెలిసిన అమ్మవారు

రిపేరుకు వచ్చిన వస్తువు అబద్ధమాడదు. తెచ్చిన మనిషే ఆడతాడు. కోస్గి బస్టాండు పక్క సందులో నా దుకాణం నడిచినన్నాళ్లూ ఈ ఒక్క సూత్రం నాకు అన్నం పెట్టింది. "ఏం చెయ్యలేదన్నా, ఉన్నట్టుండి బందైంది" అంటూ మిక్సీ తెచ్చి బల్ల మీద పెడతారు. విప్పితే లోపల చెంచా ఉంటుంది. "కింద పడనే లేదు, పిల్లల మీద ఒట్టు" అని ఇస్త్రీపెట్టె ఇస్తారు. దాని మూతికి వాళ్లింటి గచ్చు ఇంకా అంటుకునే ఉంటుంది. నేను ఎదురు మాట్లాడేవాణ్ని కాదు. చెంచాను శుభ్రంగా కడిగి మిక్సీతో పాటు చేతికిచ్చేవాణ్ని. మరుసటిసారి వాళ్లు నిజం చెప్పేవాళ్లు, లేదంటే ఇంకో దుకాణానికి పోయేవాళ్లు. రెండూ నాకు మంచిదే.

నా పేరు బాలప్ప. ఇప్పుడు దుకాణం మూసేశాను. సన్నని స్క్రూలు కనబడనంటున్నాయి, కనబడినవి చేతిలో నిలవనంటున్నాయి. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి "పెద్దయ్యా, ఏదన్న చెప్పు" అని అడుగుతారు. మోటారు వైండింగు ఎట్లా చుట్టాలో ఫోనులో వీడియోలు నాకంటే బాగా చెప్తాయి. వాటిలో లేనిది చెప్దామని కూర్చున్నాను. పాత సామాన్ల కడుపులో ఉండే తెల్లని నార గురించి, అది మా పక్క ఊళ్లో దేవతై కూర్చున్న ముచ్చట గురించి.

ఉస్తాదు ఊదుడు

నేను పని నేర్చుకున్నది పాలమూరులో ఖాజా ఉస్తాదు దగ్గర. పనిలో ఆయన దేవుడు. నోరు విప్పితే మాత్రం మోరీ మూత తీసినట్టే. ఆయన దగ్గర ఏడ్వని శిష్యుడు లేడు, నేర్వని శిష్యుడూ లేడు. పాత ఇస్త్రీపెట్టె విప్పగానే ఆయన చేసే మొదటి పని, గాలి బాగా పీల్చి లోపలికి ఉఫ్‌మని ఊదడం. "ఊదితే సగం రిపేరు అయినట్టే" అనేవాడు. తెల్లని దుమ్ము లేచి ఆయన గడ్డం మీద, మా నెత్తుల మీద పడేది. పక్క పిండిగిర్నీవాడు మమ్మల్ని చూసి, "గిర్నీ మాది, పిండి మీది" అని నవ్వేవాడు.

ఆ దుమ్ములో మట్టి ఉండేది, మసి ఉండేది, రాతినార కూడా ఉండేది. ఆస్బెస్టాస్ అంటారు చూడండి, అదే. మాకు ఆ సంగతి తెలియదు. కాయిల్ మీద పరిచిన ఆ తెల్ల అట్టను మేము 'గత్తా' అనేవాళ్లం. చిరిగితే కత్తెరతో ఇంకో ముక్క కత్తిరించి పెట్టేవాళ్లం.

ఉస్తాదు ఎనభై దాటాక పోయాడు, అదీ నిద్రలో. ఇదే నాకు పెద్ద చిక్కు. ఊదొద్దురా అంటే ప్రతి పిల్లవాడూ "మీ ఉస్తాదుకు ఏం గాలేదు గదా పెద్దయ్యా" అంటాడు. నిజమే, ఆయనకు ఏమీ కాలేదు. ఆయన పక్కన కూర్చుని పనిచేసిన అంజయ్యకు అయింది. అంజయ్య బీడీ ముట్టలేదు, కల్లు కూడా పండుగలకే. యాభై దాటాక నాలుగు మెట్లు ఎక్కితే కూర్చునేవాడు, తర్వాత కూర్చుంటే లేవలేదు. రాతినార ఎవరిని పడుతుందో, ఎవరిని వదులుతుందో చెప్పే మొనగాడు లేడు. ఇదొక లాటరీ. ఇందులో టికెట్టు కొననివాడే తెలివైనవాడు.

అటకలు ఖాళీ అయిన కాలం

తెలంగాణ వచ్చాక మా దిక్కున కరెంటు నిలకడైంది. అంతకు ముందు మోటారు కాలకుండా ఉంటే అదే పదివేలు. ఇప్పుడు పూటంతా కరెంటు ఉండేసరికి జనానికి అటకలు గుర్తుకు వచ్చాయి. మామ పెండ్లికి పెట్టిన ఇస్త్రీపెట్టె, హైదరాబాద్‌లో కొలువు చేసిన పెదనాయన తెచ్చిన రొట్టెలు కాల్చే డబ్బా, గున్న ఏనుగంత గీజరు, అన్నీ బూజు దులుపుకొని నా దుకాణానికి నడిచి వచ్చాయి. నా గల్లా నిండింది, నేను సంబరపడ్డాను.

అట్లాంటి రోజుల్లోనే ఒక కంపెనీవాళ్లు పాలమూరు హోటల్లో మెకానిక్కులకు క్లాసు పెట్టారు. కొత్త వాషింగ్ మిషన్ల గురించి. నేను బిర్యానీ కోసం పోయాను, దాచడం ఎందుకు. పాఠం చెప్పడానికి వచ్చిన ఇంజనీరమ్మాయికి నా బిడ్డ వయసు. పాత సామాన్లు ఎవరు చేస్తారని అడిగితే నేను గొప్పగా లేచి, సంచిలోంచి ఒక పాత ఇస్త్రీపెట్టె తీసి విప్పి, అలవాటుగా ఊదడానికి ఊపిరి పీల్చాను. ఆ పిల్ల ఒక్క ఎగురు ఎగిరి గోడకు ఆనుకుంది. "ఊదొద్దు సార్! ఊదొద్దు!" అని అరిచింది. తేలును చూసినా మనిషి అట్లా ఎగరడు.

తర్వాత ఓపికగా చెప్పింది. అది నిప్పుకు కాలని రాయి, నారలాగా చీలుతుంది. అందుకే వేడి పుట్టే ప్రతి పాత వస్తువులోనూ దాన్ని పెట్టేవాళ్లు. ఇస్త్రీపెట్టెలో కాయిల్ మీద, ఒవెను తలుపు అంచున, గీజరు ఒంటి చుట్టూ, పాత పెట్టెల బట్ట తొడిగిన తీగల్లో కూడా. కదలకుండా లోపల ఉన్నంతకాలం దాని జోలి మనకు లేదు. చింపినా, గీకినా, ఊదినా కంటికి కనబడనంత సన్నగా లేస్తుంది. ఊపిరితిత్తుల్లో దిగితే మళ్లీ బయటికి రాదు. ఏళ్లూ పూళ్లూ గడిచాక తన పని చేస్తుంది.

నేను నమ్మలేదు. కొత్తవి అమ్ముకోవడానికి కంపెనీ ఎత్తు అనుకున్నాను. బిర్యానీ రెండోసారి పెట్టించుకుని బయలుదేరాను. దారిలో అంజయ్య ఇంటికి పోయాను, అప్పటికి ఇంకా ఉన్నాడు. ఆయన గోడకు దిండు వేసుకుని కూర్చుని, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య గాలి వెతుక్కుంటున్నాడు. ఆ గదిలోంచి బయటికి వచ్చేసరికి ఆ పిల్ల చెప్పింది మొత్తం నమ్మాను.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. లోపల తెల్ల అట్ట ఉన్న పాత పెట్టెను బాగుచెయ్యను. పగలనిదైతే విప్పకుండా కవరు కట్టి ఇస్తాను. పగిలినదైతే ముందు నీళ్లు చల్లి తడిపి, రెండు కవర్లలో కట్టి, ఇనుప డ్రమ్ములో మూత పెడతాను. చీపురుతో ఊడవను, తడిబట్టతో తుడుస్తాను. ఒక టీచరమ్మ వాళ్ల నాయిన వాడిన పెట్టె తెచ్చి "ఆ అట్ట పీకేసి ఇయ్యుండ్రి, నాయిన గుర్తు" అంది. పీకనన్నాను. కళ్లనీళ్లు పెట్టుకుంది. పీకితేనే ముప్పు, వాడకుండా ఉన్నది ఉన్నట్టు అద్దాల బీరువాలో పెట్టుకోమన్నాను. ఇప్పుడు దాని పక్కన ప్లాస్టిక్ పూలు పెట్టి, పండుగకు బొట్టు కూడా పెడుతోంది. ఇస్త్రీపెట్టెకు పూజ చేయడం చూసి నవ్వుకున్నాను. రాబోయేది తెలియక నవ్వానన్నమాట.

తాడు మాయం

మైబు అని పాత సామాన్లు కొనే తోపుడుబండివాడు ఉండేవాడు. మనిషి మంచివాడు, చెయ్యి మాత్రం ఒకచోట నిలవదు. నారాయణపేట దిక్కున ఒక వకీలు గారి పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే కరెంటు ఒవెను ఒకటి కొని, ఆటోలో వేసుకొచ్చి నా దుకాణం ముందు దించాడు. బీరువా అంత ఉంది. లోపల రాగి ఎంత వస్తుందో చెప్పమన్నాడు. దాని తలుపు చుట్టూ జడలాగా అల్లిన తెల్లని లావు తాడు ఉంది. పాతబడి పోగులు లేచి ఉంది.

"మైబూ, గా తాడు ముట్టకు. నీళ్లు, కవర్లు తెస్తున్న, తడిపి తీద్దాం" అని లోపలికి పోయాను. బకెట్టు పట్టుకుని వచ్చేసరికి తలుపు ఉంది, మైబు ఉన్నాడు, తాడు లేదు.

"ఏదిరా?"

"ఒక అవ్వ హీటరు రాడ్డు బాగుచేపిచ్చుకోనికి వచ్చింది. తాడు జూసి, గిది ఏ గొర్రె ఉన్ని బిడ్డా, నాకిస్తవా అన్నది. నువ్వెట్లగూ పారేసేదే గదా, పీకి ఇచ్చిన. పారేసేది ఒగలకు పనికొస్తే పుణ్యం గాదా?"

"ఏ ఊరామె?"

"అడగలె. భుజం మీద గొంగడి ఉండె."

ఈ దిక్కున భుజం మీద గొంగడి లేని అవ్వ ఎవరు? రాడ్డు బాగుచేయించుకోకుండానే పోయింది కాబట్టి మళ్లీ వస్తుందనుకున్నాను. రాలేదు. బస్టాండులో, సంతలో వాకబు చేశాను. "గొంగడి అవ్వనా? ఏ గొంగడి అవ్వ?" అని ఎదురడిగారు.

కార్తీకం వచ్చింది. పున్నమికి ముందు రోజు పొద్దున మా ఇంటామె అనసూయ పక్కింటి నుంచి పరుగున వచ్చింది.

"ఇగో, విన్నవా? గా పక్కూళ్లె అమ్మవారు వెలిసిందట! దీపం కాలుతాందట గాని వత్తి కాలుతలేదట. ఎంత నూనె వోసినా తాగుతదట, వత్తి మాత్రం మసి దులిపితే మళ్ల తెల్లగనే ఉంటాందట. నూనె సీస తీస్కొని నడువు, పోదాం."

"ఆ అమ్మవారు నాకెరికే. మొన్నటిదాంక ఒవెను తలుపుకుండె" అన్నాను.

అనసూయ తన లెంపలు తాను వేసుకుని, నావి కూడా తనే వేసింది. నావి కొంచెం గట్టిగానే పడ్డాయి.

రాయి అయితే ఏంది?

ఊరి పేరు రాయను, వాళ్లు ఇప్పటికీ నన్ను బోనాలకు పిలుస్తారు. నేను పోయేసరికే దీపమున్న ఇంటి ముందు చెప్పుల కుప్ప ఉంది. కొబ్బరికాయల బండి కూడా వచ్చి నిలబడింది. మన దిక్కున దేవుడు వెలిసే జాగా కొబ్బరికాయలవాడికి ఒకరోజు ముందే తెలుస్తుంది.

గొర్లు కాసుకునే కుటుంబం. గోడ గూట్లో దీపం. దాని కింద అవ్వ. పేరు సాయమ్మ. ఆ చుట్టుపక్కల ఆమెలాగా ఉన్ని వడికేవాళ్లు లేరని తర్వాత విన్నాను. ఆమె దారంతో నేసిన గొంగడిలోంచి వాన చుక్క దిగదట. అటువంటి చేతికి దొరికింది ఆ తాడు. పురి విప్పి, ఉన్ని ఏకే విల్లుతో మీటి మీటి, మెత్తగా దూదిలాగా చేసి, మోకాలి కింద పిక్క మీద రాసి వత్తులు చేస్తోంది. పక్కన గంపలో వత్తుల కుప్ప. ఊళ్లో సగం ఇండ్లకు అప్పటికే చేరాయి, మిగతా సగానికి పున్నమికి అందాలని తొందర.

ఇంటి కప్పులో గవాక్షం నుంచి ఎండ లోపలికి పడుతోంది. ఆ ఎండలో విల్లు మీటినప్పుడల్లా సన్నని వెండి పొడి లేచి ఆడుతోంది. దాని పక్కనే చీర ఉయ్యాల, అందులో పసిపిల్ల. ఆమె తల్లి లచ్చిమి, అవ్వ మనుమని పెండ్లాం, ఉయ్యాల ఊపుతోంది.

"అవ్వా, జర ఆ విల్లు ఆపు. గిది ఉన్ని గాదు, రాయి. రాతినార" అన్నాను.

అవ్వ తలెత్తి చూసింది. "రాయి అయితే ఏంది? గుళ్లె ఉన్నదేంది?"

జనం గొల్లుమన్నారు. ఎవరో వెనక నుంచి "ఇస్త్రీపెట్టెలు బాగుచేసేటాయన, ఇయ్యాల దేవుణ్ని బాగుచేయనీకి వచ్చిండు" అన్నాడు.

"నవ్వులాట గాదు. గిది ఊపిరిల వోతే రోగమొస్తది."

"ఎప్పుడొస్తది?"

నిజం చెప్పడం ఒక్కోసారి ఎంత తెలివితక్కువ పనో చూడండి. "ఇరవై ఏండ్లకో, ముప్పై ఏండ్లకో" అన్నాను.

అవ్వ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "ముప్పై ఏండ్లా! గప్పటిదాంక నన్ను ఉంచుతనంటే, గీ తాడు రోజింత తింట గదరా!"

ఇక ఆ సభలో నేను గెలిచే ముచ్చట లేదు. బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. కొబ్బరికాయలవాడు జాలిపడి నాకు ఒక చిప్ప ఇచ్చాడు. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. గుంపుకు ఎవరూ ఏదీ నేర్పలేరు. మనిషికి నేర్పవచ్చు, అదీ ఆ మనిషికి తెలిసిన దిక్కు నుంచి పోతేనే.

ఎండ నెత్తికి ఎక్కాక జనం అన్నాలకు పోయారు. మళ్లీ లోపలికి పోయి అవ్వ ఎదురుగా కూర్చున్నాను. ఈసారి రోగం మాట ఎత్తలేదు.

"అవ్వా, వడకనికి వచ్చిందా గిది?"

పనిమంతురాలి ముఖం మారింది. "లేదురా. మాట వినదు. మా ఉన్నికి జిడ్డుంటది, చేతికి అంటుకుంటది. దీనికి జిడ్డు లేదు. విల్లు మీటంగనే లేస్తది, లేసింది కిందికి దిగదు. గసొంటి ఉన్నిని నేను పుట్టినకాడికెళ్లి చూడలే."

లచ్చిమి అందుకుంది. "ఊడ్చిన కొద్ది వస్తాంది. పొద్దుగూకినంక దీపం పెడితే దాని చుట్టూత గూడ కనవడతాంది."

"గొర్రెబొచ్చు గొంతుల వడితే ఏం చేస్తవ్ అవ్వా?"

"ఏం చేస్త? దగ్గుత. వచ్చేస్తది."

"గిది రాదు. పోయింది పోయినట్టే. లోపలనే కూసుంటది."

అవ్వ విల్లు పక్కన పెట్టింది. కొంచెంసేపు తన వేళ్లు చూసుకుంది. "నాకేమైతది తీయ్. ముప్పై ఏండ్లంటివి."

"నీ మాట నిజమే. ముప్పై ఏండ్లకు నువ్వుండవ్, నేనూ ఉండ. గామె ఉంటది" అని ఉయ్యాల చూపించాను.

ఉయ్యాల ఊపుతున్న లచ్చిమి చెయ్యి ఆగిపోయింది. అవ్వ గవాక్షం ఎండను చూసింది, ఆ ఎండ పోయి పడుతున్న ఉయ్యాలను చూసింది. ఆ ముఖాన్ని నేను మళ్లీ చూడాలని కోరుకోను. అంతమందిని నవ్వించిన మనిషి ఒక్క నిమిషంలో ముడుచుకుపోయింది.

"బిడ్డను తీస్కొని బయటికి పో. పో అంటున్న గదనే!" అంది లచ్చిమితో. ఆ కసురులో ఏడుపు ఉంది.

అమ్మవారు కోరిన చీరలు

లచ్చిమి పిల్లతో పొరుగింటికి పోయాక అవ్వ కళ్లు తుడుచుకుని అసలు లెక్కలోకి వచ్చింది.

"సగం ఊరి ఇండ్లల్ల ఉన్నయిరా వత్తులు. రేపు పున్నమ. నేను ఇయ్యిండ్రి అంటె, సాయమ్మ దేవతను తానొక్కతే ఉంచుకుంటాంది అంటరు. నువ్వు ఇయ్యిండ్రి అంటె తంతరు."

"మరి?"

"అమ్మవారు అడిగితే ఇస్తరు."

"అమ్మవారు ఎందుకు అడుగుతది?"

అవ్వ నన్ను చూసిన చూపుకు ఉస్తాదు తిట్లే నయం. "నీకు ఏమేం గావాల్నో చెప్పు. తక్కింది నాకిడువు."

చెప్పాను. ముట్టే ముందు నీళ్లతో తడపాలి. పొడి చీపురు పట్టకూడదు, తడిబట్టతో తుడవాలి. ఆ బట్టతో సహా అన్నీ కవరులో వేసి, దాని మీద ఇంకో కవరు కట్టాలి. అవ్వ ప్రతి ముక్కనూ పెదవులు కదుపుతూ బట్టీ పట్టింది. అన్నీ చెప్పించుకున్నాక లేచి గూడు దగ్గరికి పోయింది. దీపం ఆర్పడం మనలో ఎవరికైనా చెయ్యి రాని పని. కొండెక్కింది అంటాం గానీ ఆరింది అని నోటితో కూడా అనం. అవ్వ కాసేపు దండం పెట్టి నిలబడింది. తర్వాత ముంత తీసి దీపం మీద బోర్లించింది.

సాయంత్రానికి జనం మళ్లీ వచ్చారు. దీపం లేకపోవడం చూసి గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు వాకిట్లో నిలబడ్డ అవ్వ జుట్టు ముడి విప్పింది. ఊగింది. డప్పులవాళ్లు ఎవరూ చెప్పకుండానే అందుకున్నారు.

"దూపైతాంది! నాకు దూపైతాంది! నన్ను ఎండవెట్టిండ్రు!"

ఆడవాళ్లు చేతులు జోడించారు. "ఏం గావాలె తల్లీ?"

"నీళ్లు! నేను కూసున్న ప్రతి ఇంట్ల నన్ను నీళ్లతోని తడుపుండ్రి! తడపకుండ ముట్టినోళ్లను సూడ!"

"అట్లనే తల్లీ!"

"చీపురు నాకు పడదు! నేనున్న జాగాల చీపురు పట్టొద్దు, తడిబట్టతోని తుడువుండ్రి! ఆ బట్ట గూడ నాదే, నాకే ఇయ్యిండ్రి!"

నేను వెనక నిలబడి నోరు తెరిచాను. పాలమూరు హోటల్లో ఇంజనీరమ్మాయి బోర్డు మీద రాసి చెప్తే నలుగురం కునుకు తీశాం. ఇక్కడ ఒక్క మనిషి కన్నార్పడం లేదు.

"నన్ను సాగదోలుండ్రి! రెండు చీరలు గట్టి సాగదోలుండ్రి!"

"ఏం చీరలు గావాలె తల్లీ? పట్టువా?"

అవ్వ ఊగుతూనే ఒక కన్ను తెరిచి నా వంక చూసింది. "ప్లాస్టిక్ కవర్లు!"

డప్పు ఒక దెబ్బ తప్పింది. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు ఊరి పెద్దమనిషి ఒకాయన తలపాగా సర్దుకుని, తీర్పు చెప్పినట్టు అన్నాడు. "అమ్మ కాలాన్ని వట్టి అడుగుతాంది. తెండ్రి!"

గండం గడిచిందనుకున్నాను. అవ్వ అక్కడితో ఆగలేదు. "నన్ను యాడికెళ్లి తెచ్చిండ్రో గాడికే పంపుండ్రి! ఆ ఇస్త్రీపెట్టెలోడు ఉన్నడు గదా, వాని నెత్తిన వెట్టుండ్రి!"

ఇది మేము అనుకున్న మాట కాదు. కానీ అమ్మవారితో వాదం ఎవరు పెట్టుకుంటారు? ఇంటింటి నుంచీ తడిసిన వత్తులు వచ్చాయి, తుడిచిన బట్టలు వచ్చాయి. కవరు మీద కవరు పడింది. అవ్వ తన విల్లును, భుజం మీది గొంగడిని కూడా తడిపి మూటలో పెట్టింది. ఆ గొంగడి ఉన్ని ఆమె పెండ్లైన కొత్తలో మొగని కోసం వడికినది. దాన్ని ఇమ్మని నేను అడగలేదు, అడిగే ధైర్యం నాకు ఉండేది కాదు.

ముందు డప్పులు, నడుమ నెత్తిన మూటతో నేను, వెనక ఊరు. కోస్గి రోడ్డు దాకా సాగదోలి, నన్ను ఆటో ఎక్కించారు. దుకాణం ముందు దిగేసరికి వార్త నాకంటే ముందు చేరింది. అనసూయ హారతి పళ్లెంతో నిలబడి ఉంది. మూటకు హారతి ఇచ్చి, నా వంక మాత్రం చూడలేదు.

ఆ మూట డ్రమ్ములో చాలాకాలం ఉంది. అటువంటి చెత్తను పద్ధతిగా పాతిపెట్టే జాగాకు దాన్ని చేర్చడానికి ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కానో అది కాగితాల కథ, విడిచిపెడుతున్నాను. చేర్చాను, అంతే. మీ దగ్గర అటువంటిది ఉంటే మీరూ విసుక్కోకుండా చేర్చండి. చెరువులో, చెత్తకుప్పలో వేశారని తెలిస్తే ఆ అమ్మవారు మిమ్మల్ని విడిచినా నేను విడవను.

తర్వాత ఒకసారి అవ్వను అడిగాను, నిజంగా పూనకమేనా అని. "మొదాలు నేనే ఊగినరా. నడుమల ఎవరు ఊగిండ్రో నాకెరికలే" అంది. నేను నమ్మాను.

అక్షితకు

చలికాలం పోతుండగా సాయమ్మవ్వ లచ్చిమిని, పిల్ల అక్షితను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది. ఇల్లంతా నేను చెప్పినట్టే తడిబట్టతో తుడిచారట, గోడలకు కొత్త సున్నం కూడా వేశారట. హీటరు రాడ్డు ముచ్చట ఎత్తలేదు. స్టూలు మీద కూర్చుని, తిన్నగా అడిగింది.

"గీమెకు ఏమన్న అయితదా? అబద్ధం చెప్పకు."

రిపేరుకు వచ్చిన వస్తువు గురించి అయితే ఒక్క చూపులో చెప్పేవాణ్ని. "కాదనే నా నమ్మకం అవ్వా. అంజయ్యసొంటోళ్లు బతుకంత పీల్చిండ్రు. గీమె పీల్చింది కొన్ని పూటలు. కాని అసలు కానే కాదని ఒట్టు వెయ్యలేను" అన్నాను.

అవ్వ తలూపింది. పిల్ల నా టెస్టరు పట్టుకుని నోట్లో పెట్టుకోబోతుంటే లాక్కుంది.

"ముప్పై ఏండ్లకు నేనుండ, నువ్వుండవ్. లచ్చిమికి గప్పటిదాంక యాదుంటదో లేదో. గీమెకు ఎవరు చెప్తరు?"

అందుకే ఇవాళ ఇది రాస్తున్నాను. పనిలోకి వచ్చే పిల్లల కోసం అని మొదట్లో అన్నాను, అబద్ధం కాదు. కానీ ముందుగా ఇది ఒక్క పిల్ల కోసం.

అక్షితా, పెద్దయ్యాక ఇది నీ చేతికి వస్తే భయపడకు. నీకు ఏమీ కాదనే నా నమ్మకం. బీడీ సిగరెట్ల జోలికి మాత్రం పోకు, ఈ నారకు వాటితో దోస్తీ ఎక్కువ. ఎప్పుడైనా దగ్గు పట్టి వదలకపోతే దవాఖానలో ఈ ముచ్చట దాచకు. డాక్టరు నవ్వుతాడేమోనని సిగ్గుపడకు. నేను ఉయ్యాలలో ఉన్నప్పుడు మా ముత్తవ్వ తెలియక పక్కన కూర్చుని రాతినార ఏకిందని చెప్పు. తెలిసిన రోజున, ఊరంతా మొక్కుతున్న దీపాన్ని నాకోసం తన చేత్తో ఆర్పిందని కూడా చెప్పు.